నాలుగు మూలల పసుపు

నవంబరు ఇరవై, గురువారం, మధ్యాహ్నం మూడు గంటల పది నిమిషాలకు, అల్లూరులో మా ఇంట్లో ఉన్న ప్రింటరు ఎవరూ చెప్పకుండానే రెండు కాగితాలు తీసింది. మొదలైంది అక్కడే.

దయ్యాలూ సూచనలూ నా దగ్గర ఎప్పుడూ నిలబడలేదు. కోవూరులో ముప్ఫై ఒక్క ఏళ్లు రైసుమిల్లు లెక్కలు రాశాను. బస్తా తగ్గితే దయ్యం ఎత్తుకుపోయిందని ఎవరూ ఊరుకోరు. వెతుకుతారు, ఎక్కడో తేలుతుంది. ఇప్పుడు నాకు డెబ్బై ఒకటి. అల్లూరు బజారులో చిన్న డీటీపీ, జిరాక్స్ కొట్టు నడుపుతున్నాను. అందులో పనిచేసే కౌసల్య, "మా పెద్దమ్మకి దయ్యం కనబడితే ముందు ఆధార్ జిరాక్స్ అడుగుద్ది" అని వచ్చినవాళ్ల ముందే నవ్వుతుంది. అడుగుతాను కూడా.

కొట్లో ఉన్నది నలుపు మాత్రమే తీసే పెద్ద ప్రింటరు. ఇంట్లో ఉన్నది రంగులది, చిన్నది, సీసాలతో ఇంకు పోసుకునేది. రెండింటికీ వైరు లేదు. రెండూ ఒకే ఖాతాలో ఉన్నాయి కాబట్టి కొట్లో కూర్చుని ఇంట్లో ప్రింటు తీయొచ్చు, ఇంట్లో నుంచి కొట్లోకి పంపొచ్చు. మోకాళ్ల నొప్పులు వచ్చాక మధ్యాహ్నాలు ఇంట్లోనే ఉండి, కౌసల్య పంపిన ప్రూఫులు ఇక్కడే తీసి దిద్దుతున్నాను.

ఒక్క పనికి మాత్రం ఈ సౌకర్యం వాడం. పెద్దకర్మ పత్రికలు ఇంట్లో తీయం. మా అమ్మ చావు కబురు రాసిన కార్డును గుమ్మం బయటే చదివించుకుని అక్కడే చింపేసేది, లోపలికి తెచ్చేది కాదు. అందులో నాకు భయమేమీ లేదు, అలవాటు. కౌసల్యకూ చెప్పి ఉంచాను. ఏడేళ్లలో ఒక్కసారి కూడా తప్పలేదు.

ఆ గురువారం పొద్దున కొట్టుకు చెంచయ్య వచ్చాడు. సముద్రం ఒడ్డు పాలెం ఆయనది. ఆయన కొడుకులు ఇద్దరు, రమణయ్య, శీనయ్య, అక్టోబరు ఇరవై ఆరు తెల్లవారుజామున ఫైబరు బోటులో వేటకు వెళ్లారు. ఆ మర్నాడే వాయుగుండం పట్టింది. కొడుకులూ రాలేదు, బోటూ రాలేదు. పాలెం వాళ్లు బోట్లు వేసుకుని వెతికారు, గస్తీ వాళ్లూ వెతికారు. ఇరవై ఐదు రోజులు చూసి, ఇక కర్మ జరిపించాలని పాలెం పెద్దలు నిర్ణయించారు. వచ్చే బుధవారం, ఇరవై ఆరున పెట్టుకున్నారు.

కోడళ్ల పుట్టిళ్లు వేరు వేరు ఊళ్లు. అందుకని చెంచయ్య రెండు పత్రికలు వేరుగా చేయించమన్నాడు. ఫొటోలు ఇచ్చాడు. పేర్లు కౌసల్యకు చెప్పేటప్పుడు పెద్దవాడి పేరు రెండుసార్లు చెప్పి, చిన్నవాడి పేరు దగ్గర ఆగిపోయి, జేబులోంచి రేషను కార్డు తీసి చూపించాడట.

మధ్యాహ్నం నేను మంచం మీద ఒరిగి ఉన్నాను. ప్రింటరు మెల్లగా కదిలింది. రెండు కాగితాలు వచ్చాయి. ఒకటి రమణయ్య పెద్దకర్మ పత్రిక, రెండోది శీనయ్యది. కౌసల్య పొరపాటున ఇంటికి పంపిందనుకుని కోపం వచ్చింది. ఫోను చేద్దామని లేచి, కాగితాలు చేతిలోకి తీసుకున్నాక ఆగాను.

రమణయ్య పత్రికకు నాలుగు మూలలా పసుపు రంగు ఉంది.

మనకు పసుపు మూలలు ఎక్కడ ఉంటాయో చెప్పాల్సిన పని లేదు. శుభలేఖకు ఉంటాయి. చావు కాగితానికి పసుపు తాకించే మనిషి ఈ జిల్లాలో ఉండడు. శీనయ్య కాగితం మూలలు చూశాను. తెల్లగా ఉన్నాయి.

కౌసల్యను అడిగాను. కొట్టు ప్రింటరుకే పంపానని, రెండు ప్రూఫులూ తన చేతిలోనే ఉన్నాయని చెప్పింది. "ఒట్టు పెద్దమ్మా, కావాలంటే ఆటో ఎక్కొచ్చి చూపిస్తా" అని వచ్చి చూపించింది. ఆమె చేతిలో ఉన్నవి ఉత్త నలుపు. కంప్యూటరులో చూస్తే ఆ సమయానికి ఒకే ఆదేశం ఉంది, కొట్టు ప్రింటరుకు. ఇంటి ప్రింటరుకు వెళ్లినట్టు లేదు. కానీ ఇంటి ప్రింటరు లోపలి పేజీల లెక్క రెండు పెరిగింది. ఆ లెక్క నేను ప్రతిరోజూ పొద్దున చూసుకుంటాను.

అంతవరకు అయితే నెట్టు తప్పు అనుకుని వదిలేసేదాన్ని. పసుపు సంగతి వదలలేదు. ప్రింటరు మూత తీసి చూశాను. పసుపు ఇంకు గది జూన్ నుంచి ఖాళీ. ఇంట్లో నలుపే వాడతాను కాబట్టి పోయించలేదు. గోడలకు పట్టింది కూడా ఎండి పొలుసులు కట్టింది.

రెండో సంగతి. ఈ రకం ప్రింటరు కాగితం అంచు దాకా రాయలేదు. చుట్టూ బియ్యపు గింజంత జాగా వదిలేస్తుంది. ఈ పసుపు అంచు దాకా ఉంది. అంచు దాటి కాగితం మందానికి కూడా పట్టింది.

ఎవరైనా చేత్తో అద్దారా? ఇంట్లో నేను తప్ప ఎవరూ లేరు. అయినా పరీక్ష చేయకుండా అనకూడదు. పక్కింటి ఆవిడ ఆకు వక్క వేసుకుంటుంది, వెళ్లి కాస్త సున్నం తెచ్చాను. పసుపైతే సున్నం తగిలితే ఎర్రబడాలి. ఒక మూలకు అద్దాను. ఎర్రబడలేదు. తడి వేలితో రుద్దితే ఇంకు చెదిరినట్టు చెదిరింది. అంటే అది పసుపు కాదు, ఇంకు. లేని ఇంకు.

కౌసల్య కాగితం ముట్టుకోలేదు. చేతులు వెనక్కి కట్టుకుని చూసి, చెంచయ్యకు ఏం చెబుతావు పెద్దమ్మా అని అడిగింది. ఆయనకు నేనేమీ చెప్పలేదు. ఏమని చెప్పాలి? కాగితం మీద రంగు చూపించి కొడుకు బతికున్నాడని చెప్పడానికి నేనెవరిని? చెబితే రెండో కొడుకు మాటేమిటి?

మర్నాడు శుక్రవారం పొద్దున ఎనిమిదింటికి రమణయ్య భార్య అంకమ్మ వచ్చింది. ఎన్నో ఏళ్లుగా మా వీధిలో చేపలు అమ్మే మనిషి. తూకంలో నేను గ్రాము వదలనని నన్ను ఎగతాళి చేస్తుంది, నేను లేనప్పుడు నా వాటా చేప మాత్రం ఎవరికీ ఇవ్వదు. ఆ రోజు గంప లేదు. చేతినిండా గాజులు ఉన్నాయి. గుమ్మం దగ్గరే నిలబడి, తన భర్త పేరు మీద పత్రిక వేయొద్దని అడగడానికి వచ్చానని చెప్పింది. బుధవారం పీట మీద కూర్చుంటే గాజులు తీసేస్తారు. తను కూర్చోనంది.

రెండు కాగితాలూ గుమ్మం పక్క టేబులు మీదే ఉన్నాయి. అంకమ్మకు చదువు రాదు. మాట్లాడుతూ మాట్లాడుతూ పైనున్న కాగితం వైపు చూసింది. ఫొటో మీద నా కళ్లజోడు పెట్టి ఉంది, ఆమెకు కనబడింది మూలలే.

"ఇదెవురి పెళ్లి పత్రికమ్మా?"

అబద్ధం చెప్పడం నాకు చేతకాదు. రమణయ్యది అని చెప్పాను. ఎలా వచ్చిందో, ఏమేం పరీక్ష చేశానో కూడా చెప్పాను. ఇది దేనికీ రుజువు కాదని గట్టిగా చెప్పాను. ఆమె విన్నదో లేదో తెలియదు. కాగితాన్ని రెండు చేతులా పట్టుకుని మూలలు ఒక్కొక్కటీ చూసింది. మొహం వెలిగింది. ఆ తరువాత టేబులు మీద మిగిలిన రెండో కాగితం కనబడింది.

"అది?"

"శీనయ్యది."

అంకమ్మ పసుపున్న కాగితాన్ని మడిచి రొంటిన దోపుకుంది.

"సుభద్రకి చెప్పబాకండమ్మా. దాని కాయితానికి పసుపు ల్యాకపాయె."

సుభద్ర శీనయ్య భార్య, అంకమ్మకు తోడికోడలు. ఒకే గోడకు అటూ ఇటూ రెండిళ్లు. ఒకే పొయ్యి మీద వండుకునేవారు.

అంకమ్మ ఇంటికెళ్లి కర్మకు కూర్చోనని చెప్పేసింది. కారణం చెప్పలేదు. పెద్దలు కోప్పడ్డారు. సముద్రంలో పోయినవాళ్లు లేచొస్తారా, దీనికి పిచ్చి పట్టిందని ఆడవాళ్లు అన్నారు. అప్పుడు సుభద్ర కూడా లేచి, అక్క గాజులు తీయకపోతే నేనూ తీయనంది. కర్మ వాయిదా పడింది. పత్రికలు ఆపమని చెంచయ్య కౌసల్యకు ఫోను చేశాడు.

నాలుగు రోజుల తరువాత అంకమ్మ మళ్లీ వచ్చింది. ఈసారి లోపలికి వచ్చి నేల మీద కూర్చుంది. తనను చూసి సుభద్ర కూడా ఆశ పెట్టుకుంటోందని చెప్పింది. రాత్రి కూడు సగం తీసి మొగుడి కోసమని మూత పెడుతోందట.

"నేను కూర్చుంటే అది కూర్చుంటాది. నేను లేస్తే అది లేస్తాది. నేనేం చేసేదమ్మా?"

నాకు తెలిసింది కాగితం వరకేనని చెప్పాను. ఆ కాగితం తప్పు కావచ్చని, రెండు కాగితాలూ తప్పు కావచ్చని చెప్పాను. తల ఊపింది. ఒక కాగితాన్ని నమ్మి ఇంకొకదాన్ని నమ్మకుండా ఉండటానికి ఆమె ఎంత ప్రయత్నిస్తోందో నాకు కనబడుతూనే ఉంది.

డిసెంబరు నాలుగున చెంచయ్యకు ఫోను వచ్చింది. శ్రీలంకలో ఒక ఆసుపత్రి నుంచి, తమిళం మాట్లాడే మనిషి. ఒడ్డున తమిళం తెలిసిన వాళ్లు ఉండబట్టి అర్థమైంది. కొట్టుకుపోతున్న బోటు అక్కడి వేటగాళ్లకు దొరికిందట. అందులో ఒక మనిషి ఉన్నాడు. చాలా రోజులు పేరు కూడా చెప్పలేకపోయాడు. చివరికి రమణయ్య అని, అల్లూరు అని చెప్పాడు.

ఒక్కడే.

నెలాఖరుకు అతన్ని ఇంటికి తెచ్చారు. నేను వెళ్లి చూశాను. అడిగాను కూడా, అడగకుండా ఉండలేను. మూడో రోజు ఇంజను పంకాకు తాడు చుట్టుకుంటే విప్పడానికి శీనయ్య నీళ్లలోకి దిగాడట. అల వచ్చింది. మళ్లీ కనబడలేదు. ఆ తరువాత రోజుల లెక్క తప్పిపోయిందని రమణయ్య చెప్పాడు. వాన నీళ్లు తాగి, పచ్చి చేపలు తిని బతికాడు.

ఆసుపత్రి కాగితం చూపించమన్నాను. అతను దొరికింది నవంబరు పదిహేడు. మా ప్రింటరు కదిలింది ఇరవై. ఆ తేదీలు కలిసి ఉంటే వినేవాళ్లకు బాగుండేది. కలవలేదు. కలవనిదాన్ని కలిసిందని రాయలేను.

జనవరిలో నెల్లూరు నుంచి మెకానిక్ వచ్చాడు. ప్రింటరు మొత్తం విప్పాడు. ఖాళీ గదిలో నుంచి అంత రంగు రాదని, వచ్చినా మూలలకే రాదని చెప్పాడు. "మేడం, నన్నడిగితే కొత్తది కొనుక్కోండి" అన్నాడు. కొనలేదు. అదే ఫైలును అదే ప్రింటరుకు ఇంటి నుంచీ, కొట్టు నుంచీ, నెట్టు తీసేసీ, పెట్టీ చాలాసార్లు పంపాను. ఎప్పుడూ నలుపే వచ్చింది. అంచు చుట్టూ జాగా ఎప్పుడూ వదిలింది. కొట్టుకు పంపినవి ఎప్పుడూ ఇంటికి రాలేదు.

పసుపు చూసినవాళ్లం ముగ్గురం, నేను, కౌసల్య, అంకమ్మ. నా ఫోనులో ఫొటో ఉంది. నిజమో కాదో అన్న సందేహం నాకు లేదు. ఎలా అన్నదే తెలియదు. అంతకంటే ఎక్కువగా, ఎందుకు మా ఇంటికి, ఆ రెండు కుటుంబాల్లో ఎవరికీ ఏమీ కాని నా దగ్గరికి, అన్నది తెలియదు. ఇప్పటికీ ప్రింటరు కదిలినప్పుడల్లా లేచి వెళ్లి మూలలు చూస్తాను. భయంతో కాదు. తెలుసుకోవాలని ఉంది.

శీనయ్య పత్రిక చేయించడానికి చెంచయ్య రాలేదు. సుభద్రే వచ్చింది, కొట్టుకు. చేతులు బోసిగా ఉన్నాయి. ఆ రోజు కొట్లో నేనే ఉన్నాను. ప్రూఫు చూసి, ఫొటో కాస్త పెద్దది చేయమంది. చేశాను. అప్పుడు అడిగింది, పసుపు కాగితం మాట నిజమేనా అని. అంకమ్మ దాన్ని దేవుడి పటం వెనక పెట్టుకుందట, పాలెంలో అందరూ చెప్పుకుంటున్నారట. నిజమే అన్నాను.

"నాదానికి ల్యాదని మా అక్కకి ఆ పొద్దే తెలుసునా?"

తెలుసు అన్నాను.

సుభద్ర పత్రికలు ఎప్పుడిస్తారో కనుక్కుని వెళ్లిపోయింది. ఆ వారమే పొయ్యి వేరు పెట్టుకుంది. రెండిళ్ల మధ్య గోడకు ఉన్న చిన్న తలుపుకు ఇటుకలు పేర్పించింది.

పోయినవి ఇవి. శీనయ్య, ఇరవై తొమ్మిదేళ్లు. ఒక ఇంజను, మూడు వలలు, ఒక లంగరు. రమణయ్య కుడికాలి రెండు వేళ్లు. అంకమ్మకు తెలిసి సుభద్రకు తెలియని పదమూడు రోజులు, అన్ని రాత్రులూ మూత పెట్టిన కూడు. ఇద్దరు తోడికోడళ్ల మధ్య మాట.