మా ఇంటికి సవతిలా వచ్చిన హాల్టింగ్

మా చిన్నప్పుడు... కామారెడ్డిలో మా పక్క కిరాణా కొట్టు ఫోన్ మోగితే చాలు, అమ్మ పిండి చేతులతోనే ఉరికేది. బాపు లారీ డ్రైవరు మరి. ఆ రోజు ఆయన ఒకే ముక్క చెప్పి పెట్టేశాడట... "మద్నూర్ల హాల్టింగ్ ఉన్నదే. ఇప్పట్ల రాను."

అమ్మ మొహం మాడిపోయింది.

"హాల్టింగ్ అంటే ఎవరత్తా?"

కందులు చెరుగుతున్న నానమ్మ చేట కింద పెట్టింది. "మద్నూర్ అంటే మరాఠోళ్లుండే ఊరు కదనే... గాళ్ల పేర్లు గట్లనే ఉంటయేమో."

అంతే! ఆ క్షణం నుంచి హాల్టింగ్ మా ఇంట్లో ఒక ఆడమనిషి అయిపోయింది. నేనైతే ఆమెకు ముక్కుపుడక కూడా పెట్టేశాను... ఆమెను కొట్టడానికి జేబులో గులేరు, గులకరాళ్లు సిద్ధం చేసుకున్నాను.

అమ్మ బట్టల సంచి సర్దింది. "ముందుగాల దాని మొహం చూస్త. ఆనించి అటే ఎల్లారెడ్డికి, మా తల్లిగారింటికి పోత. మల్ల ఈ గడప తొక్క."

పిట్లం దాకా ఒక బస్సు... అక్కడి నుంచి మద్నూర్‌కు ఇంకొకటి. నన్ను పక్కన కూర్చోబెట్టుకుని, దారి పొడుగునా అమ్మ సంచి ఒళ్లోంచి దించలేదు.

దారి అడుగుతూ పోతే, పత్తి మిల్లు గేటు ముందు లారీలు బారులు తీరి ఉన్నాయి. మా లారీ నీడలో బాపు స్టవ్ మీద అన్నం వండుకుంటున్నాడు.

"ఏదీ హాల్టింగ్? బయటికి పిలువు!" అంటూ అమ్మ క్యాబిన్ ఎక్కి పరుపు కింద కూడా వెతికింది.

పక్క డ్రైవర్లు కడుపులు పట్టుకుని నవ్వారు. బాపు మెల్లగా అన్నాడు. "పిచ్చిదానా... సరుకు దించుకునేదాక బండి గిట్ల పడి ఉండుడే హాల్టింగ్. వాళ్లు గేటు తీస్తలేరు."

అమ్మ నవ్వలేదు. "ఎందుకు తీస్తలేరు?"

"ఏమో... జాగ లేదంటరు."

సంచి నా చేతిలో పెట్టి సీదా గేటు దగ్గరికి పోయింది. "ఏందన్నా, మా ఇంటాయన్ని పట్టుకున్న సవతివి నువ్వేనా?" అని వాచ్‌మన్‌ను నిలదీసింది.

గేటు ఆ రోజు తెరుచుకోలేదు. అమ్మ ఎల్లారెడ్డికీ పోలేదు... ఇంకో గిన్నెడు బియ్యం కడిగింది.

ఇప్పుడు నేనూ లైసెన్సు తీసుకున్నాను. కొత్త డ్రైవర్లకు అడ్డా మీద పెద్దవాళ్లు మాటలు నేర్పుతున్నారు. బిల్టీ అంటే సరుకు చీటీ... రిటర్న్ లోడ్ అంటే తిరుగు సరుకు... హాల్టింగ్ అంటే ఆగడం. ఆగడమట! ఆపింది ఎవరో ఆ మాట చెప్పదేం? అందుకే దాని మీద నాకు అనుమానం ఇప్పటికీ పోలేదు.

బండికి జీపీఎస్ వచ్చింది. డ్రైవరు టీకి ఆగినా ఓనరు ఫోన్ మోగుతుంది... గేటు ఎందుకు తీయలేదో చెప్పే మిషన్ మాత్రం ఎక్కడా రాలేదు. అప్పుడు బాపును అనుమానించింది ఒక్క అమ్మే... ఆమె కనీసం బస్సెక్కి వచ్చి చూసింది.

మీ ఇంటికి ఏ మాట సవతిలా వచ్చిందో... మీరూ రాయండి.