బూరెల దగ్గర రత్తయ్య

పుట్టుకతో ప్రతి మనిషీ పశువేనని కంకిపాడు రత్తయ్యకు గట్టి నమ్మకం. ఇది పుస్తకాల్లో చదివింది కాదు, ముప్పై ఏళ్ళు పెళ్ళిళ్ళలో వడ్డన చేసి తెలుసుకున్నది. మంచినీళ్ళ జగ్గుతో మొదలుపెట్టి నేతిగిన్నె దాకా ఎదిగినవాడాయన. నేతిగిన్నె చేతికొచ్చిందంటే వడ్డనలో పెద్దరికం వచ్చినట్టే.

"బంతిలో కూర్చోబెట్టి, ముందో ఆకేసి, అటూ ఇటూ చుట్టాల్ని పెడితేనే మనిషి మనిషిలా తింటాడండీ. వదిలేశామా, అంతే!" అనేవాడు. ఎవరైనా ఆబగా మూడో బూరె అడిగితే, "పక్క ఆకు చూడండి బాబూ," అనేవాడు మెత్తగా. పక్కాయనకింకా మొదటిదే పడలేదని చూసి, అడిగినవాడు సిగ్గుతో చెయ్యి వెనక్కి తీసుకునేవాడు. వడ్డించేవాడు మనవాడైతే కడబంతిలో కూర్చున్నా ఒకటే అంటారు గానీ, రత్తయ్య ఎవరివాడూ కాదు. సొంత బావమరిదికైనా రెండే బూరెలు. అందరూ తినేదాకా తాను మెతుకు ముట్టడు.

తొంభై ఎనిమిదిలో ఆయన చిన్ననాటి స్నేహితుడు హనుమయ్య, కూతురు ఉషశ్రీ పెళ్ళికి మధ్యాహ్నం బఫే పెట్టించాడు.

"బెజవాడలో అందరూ ఇదే పెడతన్నార్రా. ఈసారి నువ్వు చుట్టంలా దర్జాగా వచ్చి తిను," అన్నాడు.

రత్తయ్యకు ఒళ్ళు మండింది. "గంటలో నీ మండపం గొడ్లసావిడి అయిపోద్ది, చూడు."

"కాకపోతే?"

"ఇంక ఈ ఊళ్ళో గరిటె పట్టను."

"అయితే మాత్రం మా అబ్బాయి నానిగాడి పెళ్ళికి బంతులే. వడ్డన నీదే."

పెళ్ళిరోజు రత్తయ్య తెల్లచొక్కా వేసుకుని, పొద్దుట్నించీ పచ్చి మంచినీళ్ళు ముట్టకుండా, పశువుల్ని చూద్దామని బూరెల బల్ల పక్కన నిలబడ్డాడు. ఒక్క పశువూ రాలేదు. జనం లైను కట్టారు. "మీరు కానివ్వండి," "అయ్యో, ముందు మీరండీ," అనుకుంటూ తలా రెండు బూరెలు పెట్టుకుని, రత్తయ్య మొహం చూసి తలవంచుకుని వెళ్ళిపోయారు. గరిటె పోతే పోయింది, ముప్పై ఏళ్ళుగా తెలుసనుకున్నదంతా తప్పేనా?

రెండింటికి భార్య సంపూర్ణమ్మ వచ్చింది. "ఎంతసేపట్టా గుడ్లురిమి చూస్తారండీ? వాళ్ళు మీకు జడిసే అంత బుద్ధిగా తింటన్నారు. మీరూ కాస్త తినండి," అని చేతిలో పళ్ళెం పెట్టి పోయింది.

ఆకలికి తోడు ఓటమి. ఎదురుగా బూరెల గుట్ట. మధ్యలో వడ్డించేవాడు లేడు, పక్కన ఆకూ లేదు. రత్తయ్య ఒకటి పెట్టుకున్నాడు, రెండు పెట్టుకున్నాడు, మూడు, నాలుగు. నెయ్యి పోసిన ఐదోది చొక్కా జేబులోకి పోయింది. ఆరోది నోట్లోకి.

వెనక లైనులో ఉన్న మణెమ్మ చూసింది. "వామ్మో, రత్తయ్య గారే జేబులో వేసుకుంటన్నారంటే బూరెలు అయిపోతన్నట్టే!" అని కేకేసింది.

అంతే, లైను లేదు. ఇందాక ముందు మీరండీ అన్నవాళ్ళే మోచేతులతో పొడుచుకున్నారు. కొంగులు, హ్యాండుబ్యాగులు నిండాయి. బల్ల తిరగబడింది. అందరూ శ్రీవైష్ణవులే, బుట్టలో రొయ్యలన్నీ మాయం.

హనుమయ్య పరుగెత్తుకొచ్చి రత్తయ్య భుజం పట్టుకున్నాడు. "నువ్వే గెలిచావురా! నానిగాడి పెళ్ళి నీ చేతిమీదే. ఇంతకీ ముందు మొదలెట్టిన పశువెవడ్రా? ఇక్కడే ఉన్నావుగా, చూళ్ళా?"

నోటినిండా బూరె. రత్తయ్య జేబు కనపడకుండా చెయ్యి అడ్డం పెట్టుకుని, చూళ్ళేదన్నట్టు తల ఊపాడు.

"గుండెమీద చెయ్యేసుకుని చెప్పావు, చాల్లే," అన్నాడు హనుమయ్య.

వేళ్ళ సందుల్లోంచి నెయ్యి కారుతోంది. రత్తయ్య సిగ్గుతో చచ్చిపోయాడు. నాని పెళ్ళిలో ఎవరితోనైనా "పక్క ఆకు చూడండి" అనడానికి నోరెలా వస్తుందో ఆయనకు తెలియలేదు.