ట్రయలుకు కూర్చున్న మనిషి

జ్ఞానసుందరి నచ్చినవాళ్లను తిట్టేది. నచ్చనివాళ్లకు తిట్టు కూడా దండగని పైనుంచి కిందికి ఓసారి చూసి ఊరుకునేది. పాతపట్నం మిషన్ కాంపౌండులో ఆ చూపు తగలని మనిషి లేడు. ఆడపిల్లల హాస్టల్లో ముప్పైయేళ్లు వంట చేసి రిటైరైన మనిషి ఆమె. ఎవరి కంచంలో ఎంత వెయ్యాలో చూడగానే తెలిసిపోయే చెయ్యి. మర్యాదనూ ఆ గంటెతోనే వడ్డించేది. పాస్టరుగారికి నిండు గంటె, డాక్టరుగారికి అర గంటె. చెల్లెలి మొగుడు ఏసుదానానికి మాత్రం గంటెకు అంటుకున్నది దులిపితే పడినంత.

ఈ ఏసుదానం నౌపడ జంక్షన్లో టిక్కెట్లిచ్చిన గుమస్తా. ఉద్యోగం అయిపోయినా కిటికీ మాత్రం ఆయన్ని వదల్లేదు. ఎదుటి మనిషి చిన్న కంతలోంచి చెయ్యి పెట్టి అడుక్కుంటున్నట్టే మాట్లాడేవాడు. అలాంటివాడికి చర్చి సెక్రెటరీ పదవి దొరికితే ఇంక చెప్పేదేముంది? గుడికి డెబ్బై అయిదేళ్లు నిండిన పండగ కాస్తా ఆయన సొంత పెళ్లయి కూర్చుంది.

ఆ పండగకు కెనడా నుంచి ఈథెల్ దొరసాని కంప్యూటర్లో కనిపించి దీవెనలు చెబుతుందని కబురొచ్చింది. ఆవిడకు ఎనభై ఎనిమిదేళ్లు. ఒకప్పుడు ఆ హాస్టలును నడిపిందే ఆవిడ. తల్లిలేని జ్ఞానసుందరి తలకు కిరసనాయిలు పట్టించి పేలు దువ్విందీ, ఎసరు చూసి బియ్యం పోయడం నేర్పిందీ ఆవిడే. దేశం వెళ్లిపోయి నలభయ్యేళ్లు కావస్తోంది. మొదట్లో ఉత్తరాలొచ్చేవి, తర్వాత ఆగిపోయాయి.

జ్ఞానసుందరి పుట్టి బుద్ధెరిగాక ఏసుదానాన్ని ఏదైనా అడిగిందంటే అదే మొదలు.

"మరిదీ, నన్నోపాలి ఆ కెమేరా కాడ కూకోబెట్టు. దొరసానమ్మకి మొకం సూపించి లేసిపోతాను."

"వదినా, అది వీడియో మీటింగు. కమిటీ మెంబర్లకే సోటు సాలదు. మీ ఆడోళ్లు ఎనక సాపల మీద కూకోండి. మాటలన్నీ ఇనిపిస్తాయి."

"నాకు ఇనిపించడం కాదు, నాను ఆవిడికి కనిపించాల."

"దేనికైనా ఒక పద్ధతంటూ ఉంటాది వదినా."

జ్ఞానసుందరి ఆయన్ని పైనుంచి కిందికి చూసింది. చూసి ఇంటికొచ్చింది గానీ ఆ పూట అన్నం సయించలేదు. ఎనభై ఎనిమిదేళ్ల మనిషి మళ్లీ ఎప్పుడు కనిపిస్తుంది? వందేళ్ల పండగకు కనిపిస్తుందా?

మీటింగు ఆదివారం. ముందురోజు సాయంత్రం కెమేరా పరీక్ష. బజారులో నెట్ సెంటరు పెట్టుకున్న రాబర్ట్ కంప్యూటరు మోసుకొచ్చి, గుడి వెనక గదిలో బల్లమీద పెట్టాడు. తెరమీద కప్పకన్నులాంటి గుండ్రటి కెమేరా తగిలించాడు. సిగ్నలు కోసం నెట్ డాంగిలుని పొడుగు తీగతో కిటికీ ఊచలకు కట్టాడు. జ్ఞానసుందరి చీపురు పట్టుకుని వచ్చింది. ఊడ్చిన గదినే మళ్లీ ఊడవసాగింది.

"లైటు ఎనకున్నాది మావా. మొకం నల్లగా పడతాది. ఎవులైనా కుర్సీలో కూకుంటే సరిసేస్తాను," అన్నాడు రాబర్ట్.

ఎవరు కూర్చోవాలి? ఏసుదానం ఆదివారం కోసమని మీసానికి అప్పుడే రంగు వేసుకొచ్చాడు. అది ఇంకా తడిగా, మూతి చుట్టూ పాకి, కుండ అడుగులా ఉంది. పైగా లుంగీ. వెంట వచ్చిన కమిటీ పెద్దలిద్దరిలో ఒకాయన గడ్డం గీసుకోలేదు. రెండో ఆయన పళ్లసెట్టు ఇంట్లో మరిచిపోయాడు. రేపు దేశాంతరాలకు చూపించాల్సిన మొహాలను ఇవాళ ఉత్తినే ఖర్చు పెట్టడానికి ముగ్గురికీ మనసొప్పలేదు.

"వదినా, నువ్వు కూకో," అన్నాడు ఏసుదానం. "ట్రయలుకి ఎవులైతే ఏటి? మనిసాకారం ఉంటే సాలు."

మరో రోజైతే ఆ మాటకు ఆయన లుంగీ ఊడేంత చూపు తగిలేది. జ్ఞానసుందరి చీపురు గోడకు చేర్చి, చెంగుతో మొహం తుడుచుకుని కుర్చీలో కూర్చుంది. తెరలో ఓ మూల చిన్న గడిలో తన మొహమే కనిపించింది. ఈ ముసల్ది ఎవరా అన్నట్టు దాన్నీ పైనుంచి కిందికి చూసింది.

"అటేపు దొరసానమ్మ ఉంటాదేట్రా?" అని రాబర్టును మెల్లగా అడిగింది.

"లేదత్తా. ఇయ్యాల మనవరాలొక్కర్తే. ముసలమ్మ రేపొస్తాది."

పోనీ, మనవరాలితోనైనా ఒక ముక్క చెప్పి పంపొచ్చు అనుకుంది. రాబర్ట్ మీట నొక్కాడు. కాల్ మోగడం మొదలైంది. ఆ సాయంత్రం నెట్ అప్పటికే రెండుసార్లు తెగింది.

"బేగి ఎత్తితే బాగున్ను. ఈ డాంగిలు ఎంతసేపుంటాదో సెప్పలేం," అన్నాడతను.

"ఆగరా!" ఏసుదానం చెయ్యెత్తాడు. "ప్రార్థన సెయ్యకుండా నొక్కేసినావేటి?"

"మోగుతన్నాది మావా!"

"మోగనీ. తలలు వంచండి."

ఆ కాంపౌండులో బావి తవ్వినా, గేదెను కొన్నా, బొగ్గుల కుంపటి వెలిగించినా ముందు ప్రార్థన జరగాల్సిందే. రాబర్ట్ కళ్లు మూశాడు. పెద్దలిద్దరూ మూశారు. ఏసుదానం ప్రార్థన పాతరోజుల్లో గుణుపురం వెళ్లే చిన్నబండి లాంటిది. ప్రతి స్టేషన్లోనూ ఆగుతుంది, స్టేషన్ లేనిచోట కూడా ఆగుతుంది. ఆకాశమును సృజించిన తండ్రీ అని కదిలి, భూమి దగ్గర ఆగి, సముద్రం దగ్గర నీళ్లు పట్టుకుని, గుడికి పునాదిరాళ్లు మోసిన పెద్దలను పేరుపేరునా ఎక్కించుకోసాగింది.

జ్ఞానసుందరి కళ్లు మూయలేదు. మరిది ప్రార్థనకు ఆమె ఏనాడూ మూయలేదు. ఆయనకూ దేవుడికీ మధ్య జరిగే ఆ ముచ్చట్లో నిజానికి ఇద్దరూ లేరనీ, ఉన్నది ఆయనొక్కడేననీ ఆమె నమ్మకం.

అందుకే గదిలో ఆమె ఒక్కతే చూసింది. మోత ఆగింది. తెర తెల్లబడింది. మొదట ఒక ఆడపిల్ల జడ, తర్వాత గోడ, తర్వాత కుర్చీలో శాలువా కప్పుకున్న ముసలావిడ. జుట్టు దూదిలా ఉంది. బుగ్గలు లోపలికి పోయాయి. గడ్డం మాత్రం అదే గడ్డం, పిల్లల వరసను సరిచేస్తూ ముందుకు చాచే గడ్డం.

దొరసాని!

రేపటిదాకా ఆగలేక వచ్చేసినట్టుంది. ఆవిడ తెరకేసి వంగి, కళ్లు చికిలించి చూడబోయింది. ఇంతలో చెవిన తెలుగు ప్రార్థన పడింది. అంతే. నలభయ్యేళ్ల కింద వదిలేసిన అలవాటు నిన్న వదిలినట్టే వచ్చేసింది. చేతులు జోడించి, తల వంచి, కళ్లు మూసుకుంది.

ఇక్కడ ముగ్గురూ అక్కడ ఆవిడా కళ్లు మూసుకుంటే, మధ్యలో ఏసుదానం ఒక్కడే సుఖంగా ప్రయాణం చేస్తున్నాడు.

జ్ఞానసుందరి చెయ్యి ఊపింది. లాభం లేదు. దగ్గింది. వదిన హృదయం కరిగిందనుకుని ఏసుదానం గొంతు మరింత పెంచాడు. తంతి తపాలా కనిపెట్టించినందుకు స్తోత్రం, టెలిఫోను కనిపెట్టించినందుకు స్తోత్రం. బొమ్మ ఒక్క క్షణం రాయిలా బిగిసింది. ఆమె ప్రాణం బిగిసింది. మళ్లీ కదిలింది. డాంగిలు దీపం మినుకుమినుకుమంటోంది. ఈ ప్రార్థనలో ఇంకా కంప్యూటరు ఉంది, రోగులున్నారు, విధవరాండ్రున్నారు, ఢిల్లీ సర్కారు ఉంది. అంతదాకా నెట్ ఉండదు.

జ్ఞానసుందరి ఊపిరి పీల్చుకుని, అన్నాల వేళ హాస్టలంతా వినబడేలా కేకేసే గొంతుతో అరిచింది.

"ఆమెన్!"

"ఆమెన్," అన్నారు పెద్దలిద్దరూ, రాబర్టూ. ఆ మాట వినబడితే అనకుండా ఉండటం వాళ్లకు చేతకాదు. ఏసుదానం నోరు 'కంప్యూ' దగ్గర తెరుచుకుని ఉండిపోయింది.

తెరలో ముసలావిడ కళ్లు తెరిచింది.

"ఎవులే అది, ప్రార్థన మజ్జిలో తెంపేసినాది?"

జ్ఞానసుందరి కుర్చీని కెమేరా దగ్గరికి లాక్కుంది.

ఆవిడ తెరకు ముక్కు ఆనేంతగా వంగింది. "జ్ఞానసుందరీ! నువ్వేనేటే? కళ్లు ముయ్యడం ఇంకా నేర్సుకోలేదేటే నువ్వు?"

"లేదమ్మా," అంది జ్ఞానసుందరి.

"జుత్తంతా ఏదే గుంటా?"

"మీదేదమ్మా?"

ముసలావిడ నవ్వింది. నవ్వుకు దగ్గొచ్చింది. పక్కన మనవరాలు నీళ్లందించింది.

"తిండి తింతన్నావా?"

"తింతన్నాను. ఆ సాలువ మెడకాడికి లాక్కోండమ్మా, సలి తగుల్తాది," అని కసిరింది జ్ఞానసుందరి. కళ్లనుంచి నీళ్లు కారుతున్నాయి, తుడుచుకోవాలని తోచలేదు. ఆవిడ బుద్ధిగా లాక్కుంది.

ఏసుదానానికి అప్పటికి తెలివొచ్చింది. వదిన భుజం మీంచి తల దూర్చి, రాత్రీ పగలూ వల్లె వేసిన ఇంగ్లీషును బయటికి తీశాడు.

"గుడ్ ఈవినింగ్ మేడమ్! అయామ్ సెక్రెటరీ..."

దొరసాని వెనక్కి జరిగింది. "ఓలమ్మ! ఈ బాబు మూతికేటయ్యిందే? కాలిందేటి?"

"కాల్లేదమ్మా. రేపు మీకు కుర్రోడిలాగ కనిపించాలని రంగేసుకున్నాడు."

ఆవిడ ఏదో అనబోయింది. బొమ్మ బిగిసింది. తెర నల్లబడింది. రాబర్ట్ కిటికీ దగ్గరికి పరిగెత్తి తీగను అటూ ఇటూ తిప్పాడు. లాభం లేకపోయింది.

పళ్లసెట్టు లేని పెద్దాయన గోడవైపు తిరిగి, నవ్వాపుకుంటూ భుజాలు కదుపుతున్నాడు.

"ఇది ట్రయలు," అన్నాడు ఏసుదానం, టిక్కెట్టు చెల్లదని చెప్పే గొంతుతో. "ఇది లెక్కలోకి రాదు. అసలు మీటింగు రేపు. వదినా, రేపు మాత్రం నువ్వు ఎనక సాప మీదే."

"సాప మీదే కూకుంటాను. ఎవులొద్దన్నారు?" జ్ఞానసుందరి లేచి ముక్కు చీదుకుని, చీపురు అందుకుంది. గుమ్మం దగ్గర ఆగి, ఆయన్ని పైనుంచి కిందికి చూసింది. ఈసారి చూసి ఊరుకోలేదు.

"బేగి ఎల్లి ఆ మూతి కడుక్కో మరిదీ. ఆరిపోతే ఓ పట్టాన వదల్దు."