రెండు దెబ్బలు, ఆగి ఒకటి

దయ్యాలున్నాయని నేను ఎన్నడూ నమ్మలేదు. గోదావరిఖనిలో బొగ్గు గనిలో దిగి బతికినవాణ్ణి. చనిపోయినవాళ్లు గనిలో కనపడతారని, ఎవరూ లేని చోట దీపం కదులుతుందని మాలో చాలామంది చెప్పేవారు. నేను నవ్వేవాణ్ణి. పని ఆగిపోయిన పాత దారుల్లోకి ఒంటరిగా వెళ్లడానికి మిగతావాళ్లు జంకితే, నేను పందెం కాసి మరీ వెళ్లి వచ్చేవాణ్ణి. నలుగురిలో అలా ధైర్యం చూపించుకోవడం నాకు ఇష్టం.

అసలు ధైర్యం కావలసిన చోట నేనేం చేశానో కూడా ఇందులో రాస్తున్నాను. అది దాచిపెట్టి మిగతాది చెప్తే ఈ అనుభవానికి అర్థమే ఉండదు.

నన్ను గనిలో పెట్టించింది మా బావ కొమురయ్య. మా రాజక్క భర్త. వాళ్లది కమాన్‌పూర్ దగ్గర ఊరు. అరవైల్లో గనులు తెరుస్తున్న రోజుల్లో ముందు ఆయన వచ్చి కుదురుకున్నాడు, తర్వాత నన్ను పిలిపించాడు. ఇద్దరం ఒకే షిఫ్టు, ఒకే చోట పని. అక్కా బావలకు పిల్లలు లేరు. నేను వాళ్లింట్లోనే ఉండేవాణ్ణి.

గనిలో పని మొదలుపెట్టే ముందు పైకప్పును కర్రతోనో గడ్డపారతోనో కొట్టి చూస్తారు. కప్పు గట్టిగా ఉంటే ఖంగుమంటుంది. పగులు ఉంటే డొల్లగా పలుకుతుంది. ఎవరి చేయి వారిది, కొట్టే తీరునుబట్టి చీకట్లో కూడా మనిషిని పోల్చుకోవచ్చు. మా బావ రెండు దెబ్బలు కొట్టి, కొంచెం ఆగి, ఇంకొకటి కొట్టేవాడు. నేను ఎంత దూరాన ఉన్నా దానికి జవాబుగా ఒక్క దెబ్బ కొట్టాలి. అది ఆయన నాకు పెట్టిన నియమం.

"ఆ ఒక్కటి ఎందుకు బావా?" అని మొదట్లో అడిగాను.

"రెండు కప్పుకురా బామ్మర్దీ. ఒకటి నీకు. ఉన్నవా, పోయినవా అని అడుగుతున్న. నువ్వు మల్ల కొట్టకుంటె మీ అక్కకు నేనేం మొఖం జూపియ్యాలె?"

మొదటి షిఫ్టు వదిలి సాయంత్రం ఇంటికొచ్చినప్పుడు తలుపు మీద కూడా అలాగే కొట్టేవాడు. అక్క లోపలినుంచి గరిటెతో గిన్నె మీద ఒక్కటి కొట్టేది.

"గనిల కొట్టింది సాలదా? ఇది రేకుల ఇల్లు, నీ దెబ్బలకు కూలుతది" అనేది.

"కూలితె నువ్వే ఎత్తి నిలవెడ్తవు తియ్, నాకంటె నీకే బలమెక్కువ" అనేవాడు ఆయన.

మాతో గని కప్పుకు ఆసరాగా కర్ర దుంగలు నిలబెట్టే పని చేసే నాగేశు అనే అతను ఉండేవాడు. సముద్రపు పక్క మనిషి. వాళ్ల ఊళ్లో ఇసుక దిబ్బల వెనక, మడ చెట్ల మధ్య దాగిన ఉప్పునీటి మడుగు ఒకటుందని, పక్కనే సముద్రం ఘోష పెడుతున్నా ఆ నీళ్లు కదలవని ఆయన చెప్పేవాడు. అక్కకు గోదావరి వరదంటేనే భయం. "నీకు అలలు లేని సముద్రం జూపిస్త" అని బావ ఆమెకు మాటిచ్చాడు. సెలవు దొరకగానే పోదామనేవాడు.

ఆ సెలవు ఆయనకు దొరకలేదు.

ఒకరోజు నేను బొగ్గు నింపే ఖాళీ టబ్బుల కోసం వెనక్కి వచ్చాను. అంతలో కప్పు కూలింది. బావ అవతలివైపు ఉండిపోయాడు. మా ఇద్దరి మధ్య దారంతా బండలు, బొగ్గు.

అలాంటప్పుడు మా దగ్గర ఒక పద్ధతి ఉంది. మా పని చూసే సర్దార్ అందరినీ నోరు మూసుకొని కదలకుండా నిలబడమంటాడు. ఒక్క మనిషి బోర్లా పడుకొని, టబ్బులు నడిచే ఇనుప పట్టాకు చెవి ఆనించి వింటాడు. పట్టా బండల కిందుగా అవతలికి పోతుంది గనుక అటునుంచి కొడితే ఇటు తెలుస్తుంది. లోపలున్నవాడి సొంత మనిషి ఎవరైనా ఉంటే అతనికే ఆ పని చెప్తారు. సొంతవాడి చెవి తప్పదని మావాళ్ల నమ్మకం. చప్పుడు ఉందంటే ఉన్నవాళ్లు ఉన్నట్టే చేతులతో తవ్వుకుంటూ పోతారు, సొంత మనిషి ముందుంటాడు. చప్పుడు లేదంటే తొందరపడరు. ముందు దుంగలు నిలబెట్టి, కప్పు నిలిచిందని చూసుకొని, ఆ తర్వాత బండలు తీస్తారు.

నేను పడుకొని చెవి పెట్టాను.

రెండు దెబ్బలు. ఆగి ఒకటి.

స్పష్టంగా వచ్చింది. మళ్లీ వచ్చింది. నా మీద కప్పు నుంచి ఇంకా పెళ్లలు రాలుతున్నాయి. ఒకటి వీపు మీద పడింది. చేతిలో కర్ర ఉంది. పట్టా మీద ఒక్కటి కొడితే చాలు, ఆయనకు తెలిసేది. కొడితే సర్దార్‌కు కూడా తెలిసేది. నేను ఆ రాలే కప్పు కింద అందరికంటే ముందు దూరాల్సి వచ్చేది.

"వినవడ్తున్నదా?" అని అడిగాడు సర్దార్.

నాలుగోసారి వినిపించింది. నేను లేచి నిలబడ్డాను.

"ఏం లేదు" అన్నాను.

మర్నాడు మధ్యాహ్నానికి దారి తీశారు. బావ బండల కింద లేడు. గోడకు ఆనుకొని కూర్చొని ఉన్నాడు. గాలి అందక పోయాడన్నారు. గడ్డపార పట్టా మీద అడ్డంగా ఉంది. సర్దార్ దాన్ని చూశాడు, నన్ను చూశాడు. ఏమీ అనలేదు.

అక్క ఒక్కటే అడిగింది. "మీ బావకు కష్టమైందా తమ్మీ?"

"లేదక్కా. దెబ్బకే పానం పోయింది" అన్నాను. ఆ మాట పట్టుకొనే ఆమె బతుకుతోందని అనుకున్నాను. అందుకే నిజం చెప్పలేదని నాకు నేను చెప్పుకొన్నాను. అసలు కారణం భయం. మొదటిసారీ అదే, రెండోసారీ అదే.

తర్వాత నాకు పెళ్లయింది, పిల్లలు పుట్టారు. అక్క మాతోనే ఉంది. అలా ఆరేళ్లు గడిచాక, డెబ్బైల నడుమ, ఒకరోజు ఆమే అంది: "ఆ నాగేశు జెప్పిన నీళ్లకాడికి ఒక్కపారి తీస్కపో తమ్మీ. మీ బావ మాట ఒక్కటన్న తీరని."

నాగేశు వాళ్ల చిన్నాన్నకు ఉత్తరం రాసిచ్చాడు. రామగుండంలో రైలెక్కి, బెజవాడ దాటి దిగి, బస్సులో కొంత, నడిచి కొంత, పొద్దెక్కేసరికి ఆ ఊరు చేరాం. సాయంత్రం బండికే తిరుగు ప్రయాణం. నాగేశు చిన్నాన్న వెంకన్న అరవై దాటిన చేపల మనిషి. మా సంగతి ఆయనకేమీ తెలియదు. ఉత్తరంలో "గనిలో స్నేహితుడు, వాళ్ల అక్క" అని మాత్రమే ఉంది. దాన్ని చదివి నేనే పోస్టు చేశాను గనుక తెలుసు.

సరుగుడు తోట, ఇసుక దిబ్బలు దాటాక చిన్న కాలువ. వెంకన్న తన చెక్క దోనెలో మమ్మల్ని కూర్చోబెట్టి గెడ వేస్తూ మడ చెట్ల మధ్య నుంచి తీసుకుపోయాడు. కొమ్మల కింద వంగి దాటాల్సి వచ్చింది. ఒక మలుపు తిరిగేసరికి మడుగు ఒక్కసారిగా విప్పుకుంది. చుట్టూ చెట్లు, మధ్యలో మా వాడంత నీళ్లు, ఒక్క అల లేదు. దిబ్బ అవతల సముద్రం హోరు వినిపిస్తోంది, కనిపించదు.

అక్క వేలు ముంచి నాలుకకు రాసుకుంది. "ఉప్పే! చారు ఉప్పుగైతె మీ బావ మూతి ఎట్ల వెట్టేటోడో యాదికున్నదా?" అని నవ్వింది. ఆమె అలా నవ్వగా చూసి ఏళ్లయింది.

మధ్యాహ్నం. ఎండ నిటారుగా ఉంది. వెంకన్న మడుగు నడుమ గెడ పైకి తీసి దోనెలో పెట్టి, చుట్ట వెలిగించుకున్నాడు. నీళ్లు నడుము లోతు. అడుగున ఇసుక, దాని మీద దోనె నీడ కనిపిస్తున్నాయి. ఇవన్నీ ఎందుకు చెప్తున్నానంటే, తర్వాత నేను వీటినే ఎన్నోసార్లు గుర్తు చేసుకున్నాను.

అప్పుడు దోనె అడుగు నుంచి చప్పుడు వచ్చింది. రెండు దెబ్బలు. ఆగి ఒకటి.

చెక్క మీద కొట్టిన చప్పుడు కాదు. ఇనుము మీద ఇనుము. నా అరికాళ్లకు అదురు తెలిసింది.

వెంకన్న చుట్ట నోట్లోంచి తీశాడు. గెడతో దోనె చుట్టూ పొడిచి చూశాడు. వంగి కిందికి చూశాడు. "సేప కాదండీ. అడుగున ఏవీ లేదు, వట్టి ఇసకే. ఇనప సప్పుడులా ఉందేటండీ?" అన్నాడు.

మళ్లీ వచ్చింది. ఈసారి వెంకన్న వేళ్లు మడిచి లెక్కపెట్టాడు. "రెండు... ఇదిగో ఒకటి. ఈ నీళ్లలో పుట్టి పెరిగానండీ. ఎప్పుడూ ఇన్లేదు."

అక్క దోనె అంచు పట్టుకొని కూర్చుంది. ఆమెలో భయం లేదు. నావైపు తిరిగింది.

"వినవడ్తున్నదా?" అంది.

అదే మాట. సర్దార్ అడిగిన మాట. నా నోరు 'ఏం లేదు' అనడానికి సిద్ధమైంది. ఆ మాట పెదాల దాకా వచ్చింది కూడా. మూడోసారి చప్పుడైంది. ఆగింది. జవాబు కోసం ఎదురు చూస్తున్నట్టుంది.

నేను ముంజేతి కడియంతో దోనె చెక్క మీద ఒక్కటి కొట్టాను.

చప్పుడు ఆగిపోయింది. మేం ఇంకో అరగంట అక్కడే ఉన్నాం. మళ్లీ రాలేదు. సముద్రం హోరు తప్ప ఏమీ లేదు.

అక్క నన్నే చూస్తోంది. నా చేతిని చూస్తోంది. ఆ దెబ్బకు అర్థం ఆమెకు తెలుసు. అన్నేళ్లు గరిటెతో తను కొట్టిందే కదా.

"గప్పుడు గనిల ఎన్నిసార్లు కొట్టిండు?" అని అడిగింది.

"నాలుగుసార్లు విన్న. అటెన్క లేచి వచ్చిన" అన్నాను.

"మల్ల కొట్టినవా?"

"లేదక్కా."

ఆమె ఏడవలేదు, తిట్టలేదు. కొంగు నీళ్లలో తడిపి మొహం తుడుచుకుంది. "బండికి యాల్లయితున్నది, పోదాం పెద్దనాయినా" అని వెంకన్నతో అంది.

రైల్లో మా ఇద్దరి మధ్య రొట్టెల మూట ఉంది. ఎవరమూ విప్పలేదు. ఖమ్మం దాటాక ఆమె కిటికీ వైపు చూస్తూ మాట్లాడింది.

"ఆయన పోయిన వారం సంది, ఫస్టు షిఫ్టు ఇడిసే సైరన్ మోగినంక మనింటి తలుపు కొడ్తనే ఉన్నడు తమ్మీ. రెండు, ఒకటి. రోజు. నేను గిన్నె మీద కొట్టేదాన్ని. ఆగకపోయేది. తలుపు తీస్తె ఎవ్వలుండకపోయేది. నాకు పిచ్చి లేసిందనుకున్న. నువ్వు ఇంట్ల పండుకున్న నాడు గూడ కొట్టేది. నీకు వినవడ్తదేమోనని నీ మొఖం దిక్కు జూసేదాన్ని."

నేను రొట్టెల మూట ముడి ఇంకా బిగించాను.

"దెబ్బకే పోయినోడు జవాబెందుకు అడుగుతడు? గది తెల్వకనే నిన్ను తోల్కచ్చిన" అంది. నావైపు తిరిగి, "నా జవాబు కాదురా ఆయనకు గావల్సింది" అంది.

ఆ తర్వాత ఆమె మా ఇంట్లో ఒక్క వారమే ఉంది. రోజూ సైరన్ మోగాక తలుపు దగ్గర కూర్చునేది. ఎనిమిదో రోజు బట్టలు సర్దుకొని కమాన్‌పూర్‌లో మరిది ఇంటికి వెళ్లిపోయింది. "ఇగ వస్తలేడు" అని మాత్రం చెప్పింది. కోపంతో వెళ్లిందా, అక్కడ కూర్చుని ఎదురు చూడాల్సిన పని లేకపోయిందా, నేను అడగలేదు. నేను వెళ్లినప్పుడల్లా అన్నం పెట్టేది. నన్ను క్షమించానని ఎన్నడూ అనలేదు. అనమని అడిగే హక్కు నాకు లేదు.

ఆ చప్పుడు గురించి చాలా ఆలోచించాను. దోనెకు ఇనుప మేకులుంటాయి, ఎండకు చెక్క వ్యాకోచిస్తుంది అనుకున్నాను. నాగేశు నవ్వాడు. మేకులు రెండు, ఒకటి అని లెక్కపెట్టుకొని కొట్టవన్నాడు. నా మనసే ఆ చప్పుడు పుట్టించిందనుకుంటే, ఏమీ తెలియని వెంకన్న వేళ్లు ఎందుకు మడిచాడు? ఇప్పటికీ దయ్యాలను నమ్ముతున్నానని చెప్పలేను. నమ్మడం లేదని చెప్పడానికీ నోరు రావడం లేదు.

వీటన్నిటికంటే నాకు అంతుపట్టనిది ఒకటి ఉంది. ఆరేళ్లు మా తలుపు మీద ఆ చప్పుడు వచ్చిందని అక్క చెప్పింది. మా అక్క అబద్ధం చెప్పే మనిషి కాదు. అదే ఇంట్లో, ఆ తలుపుకు నాలుగడుగుల దూరంలో, ఎన్నో సాయంత్రాలు నేను మంచం మీద మెలకువగా పడుకొని ఉన్నాను. నాకు నిజంగా వినిపించలేదా, లేక అప్పుడు కూడా విని, ఏం లేదు అనుకున్నానా? ఈ వయసులో కూర్చొని ఎంత గుర్తు చేసుకున్నా, తెలియడం లేదు.