పప్పు కోసం మూసిన తలుపులు

మా అక్కకి, మా వైపు మాటలో అప్పకి, ఊపిరి సాధనతో ఆయాసం తగ్గిపోయిందని చెప్పేవాళ్ళు ఇప్పుడు పలాసలోనూ టెక్కలిలోనూ చాలామందే ఉన్నారు. నా ముందు చెప్పకుండా ఉంటే వాళ్ళకే మంచిది. మొన్న కోటబొమ్మాళి సంతలో వంకాయలు ఏరుకుంటుంటే, అమ్మే ఆవిడ నన్ను గుర్తుపట్టి, "మీ అప్పగారి వీడియో సూసినానమ్మా. ముక్కు మూసి తెరిస్తే రోగం పోనాదట గదా!" అంది.

"పోలేదమ్మా. పక్కనున్నావిడకి అంటుకుంది" అన్నాను.

ఆవిడ భయపడి చేతులు చీరకి తుడుచుకుంది. అంటురోగం అనుకుంది పాపం. అంటుకున్నది రోగం కాదు, కూర్చునే చోటు. అదెలాగో మొదటినుంచీ చెబితేగానీ ఎవరికీ ఎక్కదు.

అప్ప నా తోడబుట్టిన పెద్దది. ఉద్దానంలో కొబ్బరితోటల మధ్య వాళ్ళ ఊరు. పెళ్ళయిన కొత్తలోనే పలాస జీడి ఫ్యాక్టరీలో పప్పుకి పొట్టు తీసే పనిలో చేరింది, ఇప్పటికీ అదే పని. నేను టెక్కలిలో కాలేజీ పిల్లలకి పాఠాలు చెబుతాను. ఇంట్లో దానికి ఓపికా, నాకు నోరూ పంచి ఇచ్చారని మా బావ ఎగతాళి చేస్తుంటాడు. పంచడంలో ఎవరికి అన్యాయం జరిగిందో ఆయన ఏనాడూ ఆలోచించలేదు.

పొట్టు తీసే హాలు మీరు చూసి ఉండరు. పొడుగాటి గది. ఆడవాళ్ళు వరసలుగా నేలమీద కూర్చుంటారు. ఒక్కొక్కరి ముందూ ఎండబెట్టిన పప్పు గుట్ట. వేలితోనో చిన్న చాకుతోనో పైనున్న ఎర్రటి పొట్టు గోకి తీయాలి, పప్పు విరక్కూడదు. పొట్టు పొడిగా లేచి కనుబొమ్మల మీద, ముక్కుపుటాల్లో, కొప్పుల్లో దిగుతుంది. గదికి కిటికీలున్నాయి, రెండు పెద్ద తలుపులున్నాయి. అన్నీ మూసే ఉంటాయి. సముద్రం మీంచి వచ్చే తడిగాలి తగిలితే పప్పు మెత్తబడుతుంది. మెత్తబడితే పొట్టు ఊడదు, గట్టిగా గోకితే పప్పు బద్దలవుతుంది. ఫ్యాన్లూ వేయరు, పొట్టు ఎగిరి శుభ్రం చేసిన పప్పు మీద పడుతుందని. అన్నీ కారణాలే. పప్పు వైపు నుంచి చూస్తే ఒక్కటీ తప్పు కాదు. ఆ గదిలో ఊపిరి పీల్చేవాళ్ళు కూడా ఉన్నారన్నది మాత్రం ఆ కారణాల్లో ఎక్కడా లేదు.

అప్పకి దగ్గు మొదలై రెండు చలికాలాలు దాటాయి. తర్వాత ఆయాసం. మా వైపు మనిషికి ఏ నలత వచ్చినా ముందు కిడ్నీ పరీక్షే. తల నొచ్చినా అదే, కాలు వాచినా అదే. ఎందుకు చేయిస్తామో మా వాళ్ళకి చెప్పక్కర్లేదు. ప్రతి వీధిలోనూ కిడ్నీ జబ్బుకి ఒకరిని పోగొట్టుకున్నాం. అప్పకీ చేయించారు. కిడ్నీలు బాగున్నాయని తేలిన రోజు మా బావ వీధంతా మిఠాయి పంచాడు.

"మరి ఆయాసం సంగతేటి బావా?" అన్నాను.

"కిడ్నీలు బాగున్నాయన్నాడా నేదా? ఇంకేటి నీకు? అదేదో మనసులో బెంగయ్యుంటాది."

ఉద్దానంలో కిడ్నీ కాకపోతే అది జబ్బు కిందికే రాదు. ఊపిరితిత్తులకి ఇక్కడ ఎవరూ లెక్క చెప్పరు. బావ అన్న ఆ బెంగ అనే మాట పట్టుకునే తర్వాత అందరూ వేళ్ళాడారు.

ఒకరోజు అప్పని టెక్కలి డాక్టరుకి చూపిద్దామని ఉదయమే ఫ్యాక్టరీకి వెళ్ళాను. హాల్లో పప్పు గుట్టలు పక్కకి నెట్టి, చాపలు పరిచి, ఆడవాళ్ళని వరసగా కూర్చోబెట్టారు. ఎవరో గురువుగారు వచ్చారట, పనివాళ్ళ మనశ్శాంతి కోసం ఫ్యాక్టరీ షావుకారు పిలిపించాడట, కొన్నాళ్ళపాటు రోజూ పొద్దున్నే ఊపిరి పాఠమట. సూపర్‌వైజరు నన్ను చూసి, "మీరూ కూసోండి మేడమ్. సదువుకున్నోలు, మీకు బాగా అర్థమవుద్ది" అన్నాడు.

కూర్చున్నాను. ఎంత అర్థమైందో చెబుతాను.

గురువుగారు తెల్లటి బట్టల్లో, గంధం వాసనతో, బోలెడు చిరునవ్వుతో ఉన్నాడు. "కళ్ళు మూసుకోండమ్మా. మనసు గుర్రం లాంటిది, ఊపిరి కళ్ళెం. కళ్ళెం మీ చేతిలో ఉంటే గుర్రం ఎక్కడికి పోతుంది? ఇప్పుడు నాతో పాటు గుండె నిండా తీసుకోండి" అని ముందు తనే గుండె నిండా తీసుకున్నాడు. తీసుకున్నది వదలలేకపోయాడు. దగ్గు తెర ఒకటి వచ్చి, మనిషి ముందుకి వంగిపోయి, కళ్ళల్లో నీళ్ళు కారి, మెడ నరాలు ఉబ్బి... మిగతా అందరూ చెప్పినట్టు కళ్ళు మూసుకునే ఉన్నారు, చూసింది నేనూ సూపర్‌వైజరే. కండువా ముక్కుకి అడ్డం పెట్టుకుని ఆయన అన్న మొదటి మాట, "తలుపులు తీయండి బాబూ, ఇక్కడ గాలే లేదు!"

తలుపులు తీశారు. కిటికీలూ తీశారు.

ఆ తర్వాత జరిగింది కూడా ఉన్నదున్నట్టే చెబుతాను, అబద్ధమాడి గెలవడం నాకు చేతకాదు. గాలి లోపలికి వచ్చింది. ఆయన చెప్పినట్టు నెమ్మదిగా తీశాం, అంతకన్నా నెమ్మదిగా వదిలాం. కాసేపటికి హాల్లో దగ్గులు ఒక్కొక్కటే ఆగిపోయాయి. అప్ప భుజాలు ఎప్పుడూ చెవుల దగ్గరికి లాగినట్టు ఉంటాయి. అవి కిందికి దిగడం చూశాను. నా సంగతా? కాలేజీలో ముందురోజు జరిగిన గొడవ తలలో ఇంకా తిరుగుతూనే ఉంది, అది కూడా ఎక్కడో కూలబడింది. ఊపిరికీ మనసుకీ ముడి ఉందన్న మాట అబద్ధం కాదు. తెలియకుండా ఎవరు బతికారు? ఏడుపు ఆపుకోవాలంటే ఊపిరి బిగబట్టమని మాకెవరూ నేర్పలేదు. పురిటి నొప్పుల్లో మంత్రసాని చెప్పేదీ ఊపిరి గురించే. నా కోపం ఊపిరి మీద కాదు.

"ఏటోనే సెల్లీ, గుండెల మీద్నుంచి రుబ్బురోలు దించీసినట్టుంది" అంది అప్ప, ఆటోలో.

"తలుపులు తీసినారు కదే, దిగదేటి మరి?"

"అన్నీ నీకే తెలుస్తాయి."

మేం చెప్పులు వేసుకుంటుండగానే తలుపులు మళ్ళీ మూయడం చూశాను. చాపలు ఇంకా చుట్టనేలేదు, పప్పు మెత్తబడుతుందని అప్పుడే తొందర. ఆ రోజు డాక్టరు చెప్పింది ఒకే మాట. పొట్టు ధూళి ఆమెకి పడటం లేదు, దానికి దూరంగా ఉంచండి. బావ ఆ మాట విని, "దూరంగా ఉంటే కూలెవుడిత్తాడు?" అని తోటలోకి వెళ్ళిపోయాడు.

పాఠాలు నడిచినన్ని పొద్దులూ తలుపులు తీశారు, పాఠం కాగానే మూశారు. చివరి రోజు వీడియో తీశారు. ఆడవాళ్ళని ఒక్కొక్కర్నీ అడుగుతూ, అప్ప దగ్గరికి వచ్చి, ఎలా ఉందమ్మా అన్నారట. వాళ్ళతో తను అన్నమాట అప్ప అదే సాయంత్రం నాకు ఫోనులో చెప్పింది: "ఊపిరి పీల్సినప్పుడు శానా బాగుంతంది బావూ, ఆయాసమే నేదు. ఆ తలుపులు రోజూ ఇలగే తీసుంచితే మాకదే సాలు."

"బలే అడిగినావే!" అన్నాను. నాకు గర్వంగా అనిపించింది.

"అడగడమేటి? ఉన్నమాటే గదా."

వారం తిరక్కుండా మా కాలేజీ స్టాఫ్ రూములో ఒకావిడ ఫోను నా ముక్కు ముందు పెట్టింది. వెనక వీణ వాయిస్తోంది. మా అప్ప తెర మీద నవ్వుతూ, "ఊపిరి పీల్సినప్పుడు శానా బాగుంతంది బావూ, ఆయాసమే నేదు" అంటోంది. అంతే. అక్కడితో కోసేశారు. దాని నోరు ఇంకా తెరిచే ఉంది. మిగతా సగం మాట ఆ నోట్లోనే ఉంది, నాకు కనబడుతూనే ఉంది. తర్వాత గురువుగారు వచ్చి, మందులు లేకుండా, ఖర్చు లేకుండా, శ్వాస ఒక్కదానితో ఈ తల్లి ఎలా కోలుకుందో చూడండి అన్నాడు.

మర్నాడే ఫ్యాక్టరీకి వెళ్ళాను. ఈలోగా హాల్లో ఆడవాళ్ళు కొందరు ధైర్యం చేసి తలుపులు తీయమని అడిగారట. సూపర్‌వైజరు వాళ్ళకి ఆ వీడియోనే చూపించాడట. అదే జవాబట!

"మా అప్ప మాట సగం కోసినారేటి?" అన్నాను.

"అది నా సేతిలో నేదు మేడమ్. మీ అప్పగారే బాగుందన్నారు గదా. రోజూ ఓ పది నిమిషాలు ఊపిరి సేసుకోమనండి, తలుపులతో పనేటి?"

"మూసిన గదిలో ఏం పీల్చాలి బాబూ? పొట్టా?"

"తలుపు తీత్తే పప్పు మెత్తబడిపోద్ది. బద్దలైన పప్పుకి నువ్వు సమాధానం సెప్తావా?" మేడమ్ పోయి నువ్వు వచ్చింది.

"సెప్తాను. నువ్వు మా అప్ప గుండెకి సమాధానం సెప్పు."

నా గొంతు హాలు చివరిదాకా వెళ్ళింది. పప్పు గోకే చేతులన్నీ ఆగిపోయాయి. అప్ప లేచి వచ్చి నా మోచెయ్యి పట్టుకుని గేటు దాకా ఈడ్చుకొచ్చింది.

"ఏటే, నా పని పోగొట్టీడానికి వచ్చినావా? సూడు, ఎలగ రొప్పుతన్నావో! నాకంటే నీకే ఉంది ఆయాసం. కళ్ళు మూసుకో. నిమ్మలంగా తియ్యి."

నేను తీయలేదు. నన్ను చల్లార్చడానికి ఆ క్షణంలో అప్పకి అదే విద్య గుర్తొచ్చింది చూశారా? షావుకారు గురువుగారిని ఎందుకు పిలిపించాడో నాకు ఆ గేటు దగ్గర తెలిసింది. చల్లబడిన మనసు మంచిదే, ఒప్పుకుంటాను. ఎవరి మనసు, ఎప్పుడు చల్లబడితే ఎవరికి లాభమో మాత్రం అడగాలి కదా. తలుపు తీయమని అరవాల్సిన మనిషికి కళ్ళు మూసుకుని ఊపిరి గమనించుకోమని చెప్పడం ధ్యానమో, నోరు నొక్కడమో, తేల్చి చెప్పేవాళ్ళు ఎవరైనా ఉంటే రండి.

అప్ప పని పోలేదు. నా నోటికి దడిసో, వీడియోలో మనిషి హాల్లో దగ్గుతూ కనబడితే బాగుండదనో, సూపర్‌వైజరు దాన్ని వెనక వరస మూలనుంచి లేపి తలుపు పక్కన కూర్చోబెట్టాడు. సరుకు మోసేవాళ్ళు వచ్చిపోతుంటారు కనుక ఆ తలుపు రోజంతా తీస్తూ మూస్తూ ఉంటారు. అక్కడ గాలి ఆడుతుంది. నెల తిరిగేసరికి అప్పకి దగ్గు తగ్గింది. ఆయాసం సగానికి సగం పోయింది. పొద్దున్నే కొబ్బరిచెట్ల కింద కూర్చుని ఊపిరి సాధన కూడా చేస్తుంది, చేసుకోనీ, నేనూ పక్కన కూర్చుంటాను. ఆ తోటలో గాలికి ఎవరూ తలుపులు వేయలేదు.

హాల్లో ఆ వెనక మూలలో ఇప్పుడు అప్పకి పక్క వీధిలో ఉండే ఆవిడ కూర్చుంటోంది. పోయిన వారం ఆవిడకి దగ్గు మొదలైంది. వాళ్ళాయన కిడ్నీ పరీక్షకి తీసుకెళ్ళాడు. బాగున్నాయట. బెంగ అయి ఉంటుందట. వీడియో చూసి ఊపిరి సాధన చేయమన్నారట.

అప్ప అది చెబుతూ తల దించుకుంది. "నా సోటు ఆవిడకి ఇచ్చీసినట్టయినాది" అంది.

"నువ్విచ్చినావేటే? తలుపులు నువ్వు మూసినావేటి?"

తర్వాత అదే అంది, "ఆ గురువుగారు మల్లీ వత్తన్నారట. వత్తే నువ్వు కూడా రా. గట్టిగా అరవకు, నిమ్మలంగా అడుగు."

వస్తాను. గొంతు పెంచను, మాటిచ్చాను. ఒక్కటే అడుగుతాను. అయ్యా, మొదటి రోజు ఆ హాల్లో మీకు దగ్గు వచ్చినప్పుడు గుర్రం మీదే, కళ్ళెం మీ చేతిలోనే ఉంది కదా. మీరు ఊపిరి సాధన ఎందుకు చేయలేదు? తలుపులు ఎందుకు తీయమన్నారు?