మిరుదొడ్డి అవ్వ పాట

మొన్న వరండాలో బియ్యం ఏరుతూ కూర్చుంటే, ఎప్పుడో విన్న రెండు చరణాలు వాటంతట అవే నా నోటికి వచ్చాయి.

"ఎండిన బాయిల నీడ సూడ పోయినవా కొడుకా,
గిరక మీది తాడు నిన్నే పిలవబట్టె కొడుకా."

ఆపైన ఏముందో ఎంత తవ్వుకున్నా గుర్తు రాలేదు.

రాష్ట్రం కోసం సిద్దిపేటలో రోడ్డు పక్కన వేసిన దీక్షా శిబిరంలో విన్నాను దాన్ని. మన ఈడువాళ్లకు చెప్పేదేముంది, బడి వదలగానే పంతులమ్మలమంతా ఆ టెంటు కిందికే చేరేవాళ్లం. ఒకనాడు మిరుదొడ్డి వైపు నుంచి ట్రాక్టర్లో వచ్చిన ఆడవాళ్లలో ఒక నడివయసు ఆమె మైకు ముందు నిలబడి, కళ్లు మూసుకుని ఇది అందుకుంది. నీళ్ల కోసం కట్టిన పాట అనుకుని చప్పట్లు కొట్టాం, నినాదాలిచ్చాం. ఆమె కూర్చోబోతుంటే, ఇంకొక్కసారి పాడమని చెయ్యి పట్టి లేపింది నేనే. మూడుసార్లు పాడించాను. మూడోసారి ఆమె గొంతు పూడుకుపోతే, ఎంత లీనమై పాడుతోందో అని మురిసిపోయాను కూడా.

మిగతా పాట కోసం నెల రోజులు వెతికాను. ఫోనులో వేరే పాటలే వచ్చాయి. ఉద్యమంలో ఊరూరా డప్పు కొట్టిన మా ఆడపడుచు కొడుకు కూడా ఎన్నడూ వినలేదన్నాడు. చివరికి మా బడిలో ఆయాగా చేసిన ఆమె, అటువైపు ఊరిదే, వినగానే మొహం పక్కకు తిప్పుకుంది.

"గది పాట గాదు టీచరమ్మా. బాయిల పూడిక తీస్తుంటే మట్టి కూలి గామె కొడుకు సచ్చిపోయిండు. శవం మీద పడి గట్లనే ఏడ్సింది."

ఆయాను వెంటబెట్టుకుని ఆ ఊరు వెళ్లాను. పాడినామె పోయి నాలుగేళ్లయిందట, కూతురు ఉంది. జరిగింది చెప్పాను గానీ, క్షమించమని అడగడానికి నోరు రాక, మిగతా చరణాలు తెలుసా అన్నాను.

"నాకేడ యాదికుంటది? గప్పుడు చిన్నపోరిని. సిద్దిపేటకు పోయొచ్చినంక మా అవ్వ మల్ల మా అన్న ముచ్చటే తియ్యలే. ఎందుకే అవ్వా అంటే, అందరు సప్పట్లు కొట్టిన్రు బిడ్డా అన్నది. గంతే."

మళ్లీ తనే, "మీకెంత యాదికుంటే గంత పాడున్రి" అంది.

ఆ రెండు చరణాలే పాడాను. ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుని విన్నది.

రాష్ట్రం వచ్చింది. ఆ బావిని ఎప్పుడో పూడ్చేసి పైన వరి వేశారు, పక్క నుంచే కాలువ పారుతోంది. చూసి సంతోషించాల్సిందే, సంతోషించాను కూడా. కానీ ఆ రోజుల్లో ఒకరి బాధ ఒకరికి తెలిసినంతగా మళ్లీ ఎన్నడూ తెలియలేదని ఇన్నేళ్లూ అందరితో చెప్పుకుంటూ వచ్చాను. ఇప్పుడా మాట అనలేకపోతున్నాను. భుజాలు తగిలేంత దగ్గరగా కూర్చున్నాం గదా, ఆ కొడుకు ఎవరని ఒక్కరమూ ఆమెను అడగలేదు.