రికార్డింగును చూస్తూ రికార్డు చేసిన ఘనుణ్ణి

హిందూపురంలో కుర్చీలోంచి లేవకుండా ధర్మవరంలో ఒక పట్టుచీరల అంగడిని మూలకు కూర్చోబెట్టి, పెనుకొండ పెండ్లివారిని రాహుకాలం అంచుదాకా నెట్టిన మనిషిని మీరెప్పుడైనా చూశారా? చూడకపోతే దిగులు పడకండి. ఆ ఘనుణ్ణి నేనే.

అప్పటికి ఉద్యోగం కొత్త. మాది చిన్న కంప్యూటర్ సర్వీసు ఆఫీసు. యజమాని రఫీ అన్న, పనివాణ్ణి నేను, మస్తాన్‌ని. ధర్మవరంలో ఓబులప్ప అంగడి బిల్లింగ్ కంప్యూటర్ బాగోగులు మేమే చూసేవాళ్ళం. ప్రతిదానికీ రైలెక్కలేం కదా, ఇక్కడ నల్ల తెర మీద కమాండ్లు కొట్టి అక్కడి కంప్యూటర్లోకి దూరేవాళ్ళం.

ఓబులప్పకు అదే నచ్చలేదు. "మీరు వచ్చిందీ లేదు, పోయిందీ లేదు. పని చేసినారని నేనెట్ల నమ్మాలప్పా?" అన్నాడు.

రఫీ అన్నకు రోషం వచ్చింది. "ఇంక లోపలికి పోయినప్పుడల్లా రికార్డింగ్ పెట్టు మస్తానూ. మనం ఏం కొట్టినామో, అది ఏం చెప్పిందో అంతా ఫైల్లో పడాల. అడిగితే మొగానికి చూపిస్తాం."

దానికొక కమాండ్ ఉంది. అది కొట్టాక తెర మీద పడే ప్రతి అక్షరం ఒక ఫైలులో చేరుతుంది. ఆ గురువారం సాయంత్రం ధర్మవరం కంప్యూటర్లోకి వెళ్ళి, అక్కడే రికార్డింగ్ మొదలుపెట్టి, ఫైలుకు ముచ్చటగా నా పేరే పెట్టుకున్నాను. పని అయిపోయింది. బుద్ధిమంతుడైతే ఆపి ఇంటికి పోతాడు. నేనేమో ఆగివున్న ప్రతి బండి అద్దంలో క్రాపు దువ్వుకునే వయసులో ఉన్నాను. నా రికార్డింగ్ ఎంత అందంగా వస్తోందో చూసుకోవాలనిపించింది. ఫైలులో ఏం చేరినా వెంటనే తెర మీద చూపించే కమాండ్ ఇంకొకటుంది. దాన్ని ఆ ఫైలు మీదే ప్రయోగించాను.

ఇక్కడ కాస్త నిదానంగా చదవండి. తెర మీద పడిందల్లా ఫైలులోకి పోతుంది. ఫైలులో చేరిందల్లా తెర మీదికి వస్తుంది. మంగలి షాపులో ముందొక అద్దం, వెనకొక అద్దం పెడితే మన తల ఎన్ని తలలవుతుందో, అక్కడ నా రాత అన్ని రాతలైంది. అక్షరాలు జలజలా పరుగెత్తుతుంటే నా హృదయం పొంగిపోయింది. పొద్దున రఫీ అన్నకు చూపిద్దామని ఆపకుండానే వదిలి ఇంటికి పోయాను.

శుక్రవారం పొద్దున ఫోను. అవతల ఓబులప్ప. "మస్తానూ, బిల్లు రాలేదప్పా! పెనుకొండ పెండ్లోళ్ళు వచ్చిండారు. మొదటి బిల్లుకు పసుపు రాసి దేవుని కాడ పెట్టేది వాళ్ళ ఇంటి ఆచారమంట. పదిన్నరకు రాహుకాలం. ఈలోపు బిల్లు చేతిలో పడకుంటే వేరే అంగడికి పోతారంట!"

"చేత్తో రాసివ్వన్నా."

"చేతి బిల్లు పుస్తకాలు ఇంక వద్దని అటక మీద పడేయించింది ఎవురు? మీరే కదా!"

తెర మీద రెండో కిటికీ తెరిచి ధర్మవరం కంప్యూటర్లోకి దూరాను. డిస్కు నిండిపోయి ఉంది, కొత్త బిల్లు రాసుకోను దానికి చోటే లేదు. పాత ఫైళ్ళు కొన్ని తీసేశాను. క్షణంలో మళ్ళీ నిండింది. ఇంకొన్ని తీశాను. మళ్ళీ నిండింది. వానలో ఆరేసిన గుడ్డలు పిండుతున్నట్టుంది నా పని. నిజంగా భయం వేసింది. అయినా నోరు మాత్రం, "నీ కంప్యూటర్ పాతబడిందన్నా" అంది.

"నిన్నటిదాకా బాగుండె కదప్పా!"

రఫీ అన్న నా వెనక వచ్చి నిలబడ్డాడు. "అన్నిటికన్నా పెద్ద ఫైలు ఏదో చూడు."

చూశాను. చూడకుండా ఉంటే బాగుండేది.

"ఈ పేరు మనకు తెలిసినోళ్ళదే మాదిరి ఉండాదే," అన్నాడు రఫీ అన్న నెమ్మదిగా.

సిగ్గుతో నాకు కుర్చీ కిందికి దూరాలనిపించింది. మొదటి కిటికీలో నా అక్షరాలు ఇంకా పరుగెత్తుతూనే ఉన్నాయి. గబగబా ఆ చూపించే కమాండ్ ఆపాను, రికార్డింగ్ ఆపాను, నా పేరున్న ఆ మహాగ్రంథాన్ని తీసి పారేశాను. ఫోనులో ప్రింటరు గరగరమంది.

"వచ్చె! వచ్చె! పదిన్నర కాలేదు ఇంకా!" అని ఓబులప్ప అరిచాడు. తర్వాత ఫోను స్పీకరులో పెట్టి, "భలే పనోడివప్పా! ఇంతకీ దానికి వచ్చిన రోగమేమి?" అన్నాడు.

నేను గొంతు సవరించుకుని, "అది డిస్కు సమస్యన్నా, చెప్పినా అర్థం కాదు," అన్నాను.

అవతల పెండ్లికూతురి అవ్వ అందుకుంది. "డిస్కూ లేదు, గిస్కూ లేదు. ఎవురో పనిలేనోడు కన్నార్పకుండా ఆ పెట్టెనే చూస్తా ఉండింటాడు. దిష్టి తగిలిండాది. ఉప్పూ మిరపకాయలూ తిప్పి పడేయండప్పా, సరిపోతాది."

రఫీ అన్న నా వైపు చూశాడు. నేను తెర వైపు చూశాను.

"అవ్వా," అన్నాడు రఫీ అన్న ఫోనులోకి వంగి, "మా ఆఫీసులో ఉద్యోగం ఉండాది, వస్తావా?"

ఆ రోజే కీబోర్డు మీద చేయి పెట్టి ప్రమాణం చేశాను. ఏ పనైనా చేస్తాను గానీ, ఎంత బాగా చేస్తున్నానో చేస్తూ చేస్తూ చూసుకోను. తప్పనిసరై చూసుకోవాల్సి వస్తే, ముందుగా ధర్మవరానికి గుప్పెడు ఉప్పూ, నాలుగు ఎండు మిరపకాయలూ పంపించాకే చూసుకుంటాను.